‘మా తండ్రీ’ అన్నప్పుడు బయట మిగిలేదెవరు?

తెలుగులో ‘మా’ ఒక్క అక్షరం. ‘మీ’ కూడా ఒక్క అక్షరమే. కానీ పొలం గట్టు దగ్గర అన్నదమ్ములు తగాదా పడేది ఈ రెండక్షరాల మీదే. ఊరు రెండు వర్గాలుగా చీలేదీ వీటి మీదే. ప్రొద్దుటూరు అంగళ్ల వీధిలోనైనా, జమ్మలమడుగు బస్టాండులోనైనా, పులివెందుల చుట్టుపక్కల చీనీ తోటల్లోనైనా కొత్త మనిషి కనబడితే పేరూ ఊరూ అడిగాక, పక్కనున్నవాణ్ణి మెల్లగా అడిగే మాట ఒకటుంది: ‘మనోడేనా?’ ఆ చిన్న ప్రశ్నలో కులం ఉంది, వర్గం ఉంది, పార్టీ ఉంది. వచ్చినవాడికి కుర్చీ వేయాలా, నిలబెట్టి మాట్లాడి పంపేయాలా అన్నది దాని జవాబును బట్టే తేలుతుంది.

విశ్వాసులం గనుక ఆ ప్రశ్నతో మనకు పనిలేదని చెప్పుకోలేం. ‘ఏ సంఘం? ఏ పాస్టరుగారి తాలూకు? పల్లెలో వాళ్ల ఇళ్లు ఏ వైపు?’ అని మనమూ ఆరా తీస్తూనే ఉంటాం. అయితే ప్రతి ఆదివారం మనం కలిసి చెప్పే ప్రార్థన కూడా సరిగ్గా ఇలాంటి చిన్న మాటతోనే మొదలవుతుంది. ప్రభువు తన శిష్యులకు నేర్పిన ఆ ప్రార్థనకు (మత్తయి 6:9–13) లాటిన్ భాషలో ‘పాతెర్ నోస్తెర్’ అని పేరు. దాని మొదటి రెండు మాటలే దానికి పేరయ్యాయి. పాతెర్ అంటే తండ్రి. నోస్తెర్ అనేది ‘ఎవరి తండ్రి?’ అన్న ప్రశ్నకు జవాబు. ఆ జవాబులో ఎవరెవరున్నారో తెలుసుకుంటే మన ప్రార్థన సంగతి తెలుస్తుంది, ప్రార్థన ముగిశాక మన బతుకు సంగతీ తెలుస్తుంది.

ఏడు మాటల్లో ఒక్క ‘నా’ లేదు

లాటిన్ మనకు మరీ దూరపు భాషేమీ కాదు. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న ఆరాధన గురించిన తన నిర్ణయపత్రంతో ప్రజల భాషలకు తలుపు తీసేంతవరకు, మన ప్రాంతపు కతోలిక దేవాలయాల్లోనూ గురువులు దివ్యబలిపూజను లాటిన్‌లోనే చేసేవారు. ఇంట్లో జపమాల తెలుగులో సాగేది, పీఠం దగ్గర మాత్రం పాతెర్ నోస్తెర్ వినబడేది. 1976లో కడప మేత్రాసనం ఏర్పడేనాటికే పూజ తెలుగులోకి వచ్చేసింది.

ఆ భాషలో ‘ఎవరిది’ అని చెప్పే సర్వనామాలు ముఖ్యంగా ఐదు. మేయుస్ అంటే నా. తూయుస్ అంటే నీ. సూయుస్ అంటే తన. నోస్తెర్ అంటే మా, లేదా మన. వెస్తెర్ అంటే మీ. తెలుగువాళ్లకు ఇందులో కొత్తగా తోచే సంగతి ఒకటుంది. మనకు ‘మా’ ఎక్కడ పెట్టినా ‘మా’ గానే ఉంటుంది. మా నాయన, మా జేజి, మా అన్నం, మా అప్పులు. లాటిన్‌లో అలా కుదరదు. పక్కనున్న మాట పురుషుణ్ణి చెబుతోందా, స్త్రీని చెబుతోందా, రెండూ కానిదా, ఒకటా అనేకమా, వాక్యంలో అది ఏ విభక్తిలో ఉంది అన్నవి చూసి ఈ సర్వనామం రూపం మార్చుకుంటుంది. ప్రభువు ప్రార్థనలోనే చూడండి. తండ్రి పక్కన అది నోస్తెర్. రొట్టె పక్కన నోస్త్రుమ్. అప్పుల పక్కన నోస్త్రా. అప్పుపడినవారి పక్కన నోస్త్రిస్. నాలుగు చోట్ల నాలుగు రూపాలు.

ఈ మాట యజమానిని చూసి మారదు, సొంతమైనదాన్ని చూసి మారుతుంది. ‘నా కూతురు’ అని తండ్రి అన్నా తల్లి అన్నా, ఆ ‘నా’ కూతురికి తగ్గట్టు ‘మేయా’ అవుతుంది. తెలుగులోనూ ఒక చోట ఈ పద్ధతి ఉంది. వాడు మావాడు, అది మాది, అవి మావి అంటాం కదా. కీర్తనకారుడు దేవునితో తాను ఎవరివాడో చెప్పుకున్నచోట (కీర్తన 119:94) లాటిన్ బైబిలు ‘తూయుస్’ అంటుంది, తెలుగు బైబిలు ‘నీవాడను’ అంటుంది. అదే మాట ఒక స్త్రీ చెబితే లాటిన్‌లో ‘తూవా’, తెలుగులో ‘నీదానను’. ఇక్కడ రెండు భాషలూ ఒకే దారిలో నడుస్తాయి.

వ్యాకరణం వేదాంతం కాదు. అయినా ఈ సూత్రం చదివిన విశ్వాసికి ఒక సంగతి స్ఫురించకమానదు. యజమానికి గుర్తుగా నిలిచే మాట, తనకు సొంతమైనదాని రూపం ధరిస్తోంది. మనుషులను ‘నావారు’ అన్న దేవుడు వారిని దూరం నుంచి పిలిచి ఊరుకోలేదు. వారి రూపమే ధరించి, దాసుడై, వారి మధ్యకు వచ్చాడు (ఫిలిప్పీ 2:7). లోకంలో సొంతం చేసుకున్నవాడు తన ముద్ర వేస్తాడు. మన ప్రభువు సొంతం చేసుకున్నవారి ముద్రను తన మీద వేయించుకున్నాడు.

ఇప్పుడు ఆ ప్రార్థనలో ‘ఎవరిది’ అని చెప్పే మాటలన్నీ లెక్కపెట్టండి. లాటిన్‌లో ఏడున్నాయి. నామం, రాజ్యం, చిత్తం అనే మూడింటి దగ్గర ‘నీ’. తండ్రి, రొట్టె, అప్పులు, అప్పుపడినవారు అనే నాలుగింటి దగ్గర ‘మా’. ‘నా’ అనే మాట ఒక్కటీ లేదు. ‘నీ రహస్యపు గదిలోకి వెళ్లి, తలుపు వేసుకుని ప్రార్థించు’ అన్న భావంతో బోధించిన ప్రభువే (మత్తయి 6:6), మూడు వచనాల తర్వాత ఆ గదిలో ఒంటరిగా కూర్చున్నవాడి నోట కూడా ‘మా’ అనే మాటనే పెట్టాడు. గదిలోకి ఒక్కడుగా వెళ్లినవాడు తండ్రి ముందు మాత్రం ఒక్కడుగా నిలబడలేడు. తన ఆకలి ఒక్కటే చెప్పుకోవడానికి అక్కడ మాటలు లేవు. పక్కింటివాడి ఆకలీ అందులో కలిసే ఉంది.

‘నీ’ దగ్గర మాత్రం తెలుగు క్రైస్తవులు రెండు దారుల్లో నడిచారు. ప్రొటెస్టంటు సంఘాల్లో ‘నీ నామము’ అంటారు. కతోలిక దేవాలయాల్లో ‘మీ నామము’ అంటారు. మన భాషలో ‘మీ’లో మర్యాద ఉంది, ‘నీ’లో చనువు ఉంది. మనం అమ్మనూ ‘నీవు’ అంటాం, దేవుణ్ణీ ‘నీవు’ అంటాం. రెండు దారులకూ అర్థముంది. ఇలా వేరుపడినవారు కూడా ‘మా తండ్రీ’ దగ్గరకు వచ్చేసరికి కలిసిపోయారు. ఆ ఒక్క అక్షరం ఇద్దరికీ ఒకటే.

తనది, వానిది

లాటిన్‌కూ తెలుగుకూ మరో పోలిక ఉంది. ‘రైతు తన తోటకు నీళ్లు పెట్టాడు’ అంటే గొడవ లేదు. ‘రైతు వాని తోటకు నీళ్లు పెట్టాడు’ అంటే మాత్రం, ఆ ‘వాడు’ ఎవరు, నీళ్లెందుకు మళ్లాయి అని అడిగేవాళ్లు బయల్దేరతారు. ఇంగ్లిషులో ఈ రెంటికీ ఒకే మాట కావడంతో ఒక్కోసారి తికమక వస్తుంది. లాటిన్‌లో అలా కాదు. చేసినవాడికే చెందితే సూయుస్, మరొకరికి చెందితే ఏయుస్. మన ‘తన’, ‘వాని’ లాంటివే ఇవి.

యోహాను తన సువార్త మొదట్లోనే ఈ ‘తన’ అనే మాటతో లోకంలోకెల్లా విచారకరమైన సంగతి చెప్పాడు (యోహాను 1:11). క్రీస్తు పరాయి చోటికి రాలేదు, తనదైన చోటికే వచ్చాడు. అయినా తనవారు ఆయనను చేర్చుకోలేదు. ఆ చేర్చుకోనివారిని లాటిన్ బైబిలు ‘సూయి’ అనే ఒక్క మాటతో చెబుతుంది. సూయి అంటే తనవారు. పరాయివాడు తలుపు వేస్తే బాధ ఒక పూట ఉంటుంది. తనవాడు తలుపు వేస్తే బతుకంతా ఉంటుంది. ఆస్తి తగాదాతో సొంత ఇంటి గడప తొక్కలేకపోయినవారికి ఈ వచనం ఎవరూ వివరించనక్కర్లేదు.

ఆ ‘సూయుస్’ అపొస్తలుల కార్యాల్లో మళ్లీ కనబడుతుంది (4:32). యెరూషలేములోని తొలి విశ్వాసుల గురించి లూకా రాస్తూ, వారిలో ఎవడూ తనకున్నదాన్ని ‘తనది’ అనలేదని చెప్పాడు. జాగ్రత్తగా చూడండి. వారికి ఆస్తి లేదని ఆయన అనలేదు. ఉన్నదాన్ని తనదని అనలేదన్నాడు. చేతిలోని వస్తువు కన్నా ముందు నోటిలోని మాట మారింది. ఒకప్పుడు ప్రభువును చేర్చుకోని ‘తనవారి’ నడుమనే, ఆయన లేచిన తర్వాత, ‘తనది’ అనే మాటను వదులుకున్న సంఘం పుట్టింది.

తెలుగులో ఉన్నది, లాటిన్‌లో లేనిది

ఇక్కడివరకు లాటిన్ మనకు నేర్పింది. ఒక చోట మాత్రం తెలుగే లాటిన్‌కు నేర్పగలదు. లాటిన్‌లో నోస్తెర్ ఒక్కటే. గ్రీకులోనూ, ఇంగ్లిషులోనూ దానికి సరిపోయే మాట ఒక్కటే. తెలుగులో రెండున్నాయి, మా అని, మన అని. ఎదుటివాణ్ణి బయటుంచితే ‘మా’, లోపలికి తీసుకుంటే ‘మన’. ‘మా ఇంటికి రా’ అంటే అది నీది కాదు. ‘మన ఇంటికి పోదాం పద’ అంటే అది నీది కూడా.

ఈ తేడాను పుట్టుకతో తెలుగువాళ్లం తలుచుకోనైనా తలుచుకోం. బయటినుంచి వచ్చి నేర్చుకున్నవారికే అది కొట్టొచ్చినట్టు కనబడేది. సి.పి.బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చారు. క్రైస్తవ గురువు డేవిడ్ బ్రౌన్ కుమారుడాయన. కడపలో బంగళా కొని, పండితులను పెట్టుకుని, తెలుగు కావ్యాలను తాళపత్రాల నుంచి వెలికితీయించారు. 1840లో అచ్చయిన ఆయన తెలుగు వ్యాకరణం మేము, మనము అనే ఈ జంటను ఇంగ్లిషువారికి విడమరచి చెప్పింది. ఆ బంగళా ఉన్నచోటే నేడు ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం ఉంది. ఆయన వచ్చిన రెండేళ్లకు, 1822లో, లండన్ మిషనరీ సొసైటీ కడపలో పని మొదలుపెట్టింది. అంతకు ముందే విశాఖపట్నంలో అదే సొసైటీకి చెందిన దేగ్రాంజ్, ఆయనకు తోడు ఆనందరాయర్ కలిసి తెలుగు చేసిన సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి.

ఇలా తెలుగులోకి బైబిలును తెచ్చిన ప్రతివారికీ పాతెర్ నోస్తెర్ దగ్గర ఒక కూడలి ఎదురైంది. మా తండ్రి అనాలా, మన తండ్రి అనాలా? మూలంలో ఒక్కటే మాట ఉంది, తెలుగు మాత్రం రెండింటిలో ఒకటి తేల్చుకోమంటుంది. నేడు మన చేతుల్లో ఉన్న తెలుగు బైబిలు ప్రార్థనలో ‘మా’ అంటుంది. పౌలు సంఘాలకు రాసిన ఉత్తరాల్లో మాత్రం అదే తండ్రిని ‘మన తండ్రి’ అంటుంది (రోమా 1:7, 1 కొరింథీ 1:3). ఇది పొరపాటున జరిగింది కాదు. ప్రార్థనలో మనం మాట్లాడేది దేవునితో. ఆయనతో ‘మన తండ్రీ’ అంటే ఆయనకూ మనకూ కలిపి మరో తండ్రి ఉన్నాడన్న అర్థం వస్తుంది. అందుకే అక్కడ ‘మా’ తప్పనిసరి. పౌలు మాట్లాడేది తోటి విశ్వాసులతో. వారితో ‘మా తండ్రి’ అంటే ‘మీకు కాడు’ అన్నట్టే. అందుకే అక్కడ ‘మన’ తప్పనిసరి.

ఇందులోనే అసలు సంగతి ఉంది. ‘మా’ అనే మాట ఎప్పుడూ వినేవాణ్ణి బయటుంచుతుంది. ప్రార్థనలో వినేవాడు దేవుడు. కాబట్టి ‘మా తండ్రీ’ అన్నప్పుడు ఆ ‘మా’కు బయట ఉన్నది తండ్రి ఒక్కడే. మనుషుల్లో బయట మిగిలేవాడు ఎవడూ లేడు. పక్క వరసలో కూర్చున్నవాడు లోపలే ఉన్నాడు. మాట్లాడడం మానేసిన అన్న లోపలే ఉన్నాడు. ఎదుటి వర్గంవాడు లోపలే ఉన్నాడు. మనం మూసిన తలుపులన్నీ ఆ ఒక్క అక్షరంలో తెరుచుకుంటాయి. ప్రార్థన ముగిసి గుడి గేటు దాటిన మరుక్షణం మనం మాట్లాడేది మనుషులతో. అప్పుడు ఆ ‘మా’ ‘మన’గా మారాలి. మారకపోతే లోపల దేవునితో అన్నమాటే బయట పొరుగువాణ్ణి గెంటేసే మాటవుతుంది.

నీ కొడుకా? నా తమ్ముడా?

పిల్లవాడికి మంచి మార్కులొస్తే ‘నా కొడుకు’ అని, గోడదూకి సినిమాకు పోతే ‘చూడు నీ కొడుకు’ అని భార్యాభర్తలు అనుకోవడం మన ఇళ్లలో మామూలే. నవ్వుకునే మాటే గానీ, ప్రభువు చెప్పిన ఒక ఉపమానం ఈ మాట మీదే మలుపు తిరుగుతుంది. ఆస్తిలో పాలు పంచుకుపోయి, అంతా పోగొట్టుకుని తిరిగొచ్చిన చిన్నవాడి కోసం తండ్రి విందు చేస్తాడు. పొలం నుంచి వచ్చిన పెద్దవాడు ఇంట్లోకి రానంటాడు. తమ్ముణ్ణి ‘నా తమ్ముడు’ అనడానికి అతనికి నోరు రాదు. ‘నీ కుమారుడు’ అంటాడు (లూకా 15:30). లాటిన్‌లో ‘ఫీలియుస్ తూయుస్’. తండ్రి అతనితో వాదం పెట్టుకోడు. రెండు వచనాల తర్వాత మెల్లగా ఆ మాటను సరిదిద్దుతాడు. ‘నీ తమ్ముడు’ అంటాడు (15:32). ‘ఫ్రాతెర్ తూయుస్’. తూయుస్ అలాగే ఉంది, పక్కనున్న చుట్టరికం మారింది. ఆ రెంటి నడుమ ఇంకో మాట అంటాడు. నావన్నీ నీవే అని (15:31). ‘నా’ అంటే ఏమిటో ఆ తండ్రికి తెలిసినంత మరెవరికీ తెలియదు. ఆయన ‘నా’ అనడం ‘నీ’ అనడానికే.

మన ప్రాంతంలో పొలాల పంపకాలు, కువైట్ నుంచి వచ్చిన డబ్బు లెక్కలు, తల్లిదండ్రులను ఎవరు చూడాలన్న పంచాయతీలు ఎన్నో ఇళ్లను ఆ పెద్దకుమారుడు నిలబడ్డ వాకిట్లోనే నిలబెట్టాయి. ఉపమానం అక్కడే ఆగిపోతుంది. పెద్దవాడు లోపలికి వెళ్లాడా లేదా అన్నది ప్రభువు చెప్పలేదు. ఎందుకంటే దాని ముగింపు రాయవలసింది వినేవారే.

అదే మాట సంఘానికీ వర్తిస్తుంది. జమ్మలమడుగులో లండన్ మిషన్ వైద్యుల సేవతో మొదలై, కాంప్‌బెల్ పేరు మీద నిలిచిన ఆస్పత్రిని మన పెద్దలు ‘మిషన్ ఆస్పత్రి’ అని పిలుచుకున్నారు. జ్వరానికి మావోళ్లు, మీవోళ్లు అన్న తేడా లేదు. మందుకూ ఉండకూడదు. సముద్రాలు దాటి వచ్చినవారు ఈ ఊరివాళ్లను ‘మనవాళ్లు’ అనుకోబట్టే ఆ సేవ సాధ్యపడింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడూ వేర్వేరు మిషన్లవారు ‘మా సంఘం’ అన్నదాన్ని ‘మన సంఘం’గా మార్చుకున్నారు. అంత పెద్ద గీతలను చెరిపినవారి వారసులం, పల్లెలో ఈ వీధికీ ఆ వీధికీ మధ్య గీతను కాపాడుకుంటూ కూర్చుంటే ఎలా?

నాది అన్నది ఆయన, మనది అయింది మనకు

మరి ‘నా’ అనడం తప్పా? కాదు. తోమా లేచిన ప్రభువు ముందు ‘మేయుస్’ అనే మాటనే రెండుసార్లు వాడాడు, నా ప్రభువని, నా దేవుడని (యోహాను 20:28). ప్రేమతో దేవుణ్ణి ‘నా’ అనవచ్చు. రొట్టెను పట్టుకుని ‘నా’ అనడమే ప్రమాదం.

మనకు నేర్పిన ప్రార్థనలో ఒక్క ‘నా’ కూడా పెట్టని ప్రభువు, సిలువ మీద మాత్రం ‘దేయుస్ మేయుస్’ అంటూ, నా దేవా అని రెండుసార్లు కేకవేశాడు (మత్తయి 27:46). చెయ్యి విడిచిన వేళ ఒంటరివాడి నోట వచ్చే మాట అది. ఆ ఒంటరి మాటను తాను తీసుకుని, కుటుంబపు మాటను మనకిచ్చాడు. మూడవ దినాన తోటలో మగ్దలేనే మరియతో మాట్లాడినప్పుడు, తన తండ్రి, మీ తండ్రి అని రెండుగా చెప్పాడు (యోహాను 20:17). లాటిన్ మాతృభాషగా గల ఆగస్టీను (354–430) ఈ చోట ఆగి ఆలోచించాడు. ప్రభువు ఇక్కడ ‘నోస్తెర్’ అనలేదు, ఎందుకంటే ఆయనకు తండ్రి స్వభావం చేత తండ్రి, మనకు కృప చేత తండ్రి అని ఆయన వివరించాడు. హక్కు వల్ల కాదు, దయ వల్ల మనకు ఆ తండ్రి దొరికాడు. దయ వల్ల దొరికినదానికి కంచె వేసే హక్కు ఎవరికుంటుంది?

ఈ ఆదివారం ప్రార్థనకు నిలబడినప్పుడు ‘మా’ అనే అక్షరం దగ్గర ఒక్క క్షణం ఆగండి. మాటలు మానేసిన ఒకరి ముఖాన్ని గుర్తుచేసుకుని, వారిని కూడా కలుపుకునే ఆ మాట పలకండి. తర్వాత వారం లోపలే ఆ గడప తొక్కండి. ఏం మాట్లాడాలో తోచకపోతే పెద్ద మాటలక్కర్లేదు. ‘మన అమ్మ ఎలా ఉంది?’ అని అడిగితే చాలు. ఆ ‘మన’లో పాతెర్ నోస్తెర్ అంతా ఉంది.